నిద్రమాత్ర ఒంటరిగా పనిచేయదు: తోడు మందులు, ఆహారం, వ్యాధులతో దాని సంబంధం

తుమకూరు జిల్లా పావగడ తాలూకాను పటంలో చూస్తే, కర్ణాటక భూభాగం ఆంధ్రప్రదేశ్ లోనికి చొచ్చుకువచ్చినట్లు కనిపిస్తుంది. ఆ తాలూకాలోని వై.ఎన్.హొసకోట పట్టుచీరల నేతకు పేరుపొందిన ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఇక్కడి కుటుంబాలకు అలవాటైన బ్రతుకు. వియ్యాలకు, సంతలకు, పుణ్యక్షేత్రాలకు హద్దు లేనట్లే వైద్యానికీ హద్దు లేదు. జ్వరానికి ఊరిలోనే మందు, కీళ్ళనొప్పులకు పావగడ, గుండె జబ్బుకు అనంతపురం, నరాల జబ్బుకు బెంగళూరు అన్నట్లుగా ఒక్క మనిషికే నాలుగు చోట్ల చీటీలు తయారవుతాయి. వాటిలో ఏదో ఒకదానిపై నిద్రమాత్ర ఉంటుంది. కన్నడంలో "నిద్దె మాత్రె" అన్నా, తెలుగులో "నిద్ర మాత్ర" అన్నా మందు ఒక్కటే. అయితే దాని ఫలితం ఆ ఒక్క మాత్రపై మాత్రమే ఆధారపడి ఉండదు. మిగిలిన మూడు చీటీలలోని మందులు, తాగే పానీయాలు, శరీరంలో ముందునుండే ఉన్న జబ్బులు కలిసి అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో నిర్ణయిస్తాయి. ఆ నాలుగు చీటీలను ఒకేసారి చూసే వైద్యుడు సాధారణంగా ఉండడు. చూడగలిగినది కుటుంబమే.

ఈ మందులు ఏవి?

నిద్రకు, ఆందోళనకు ఎక్కువగా వాడే మందులు బెంజోడయాజిపైన్ అనే కుటుంబానికి చెందినవి. ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోనజిపామ్, లోరాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్, నైట్రాజిపామ్ ఈ వర్గంలోనివే. ఈ కుటుంబంలో మొదటిదైన క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లో విపణిలోకి వచ్చింది. డయాజిపామ్ 1963లో వచ్చింది. రెండింటి వెనుకా ఉన్న రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్. జోల్పిడెమ్ వేరే వర్గానికి చెందినదైనా మెదడులో దాదాపు అదే చోట పనిచేస్తుంది.

ఇవి చెడ్డ మందులు కావు. ఆగని మూర్ఛను ఆపడానికి, శస్త్రచికిత్సకు ముందు భయం తగ్గించడానికి, మద్యం మానేవారిలో వణుకు, మూర్ఛలు రాకుండా కాపాడడానికి వైద్యులు వీటినే ఆశ్రయిస్తారు. చిక్కు వచ్చేది ఎక్కువ కాలం వాడినప్పుడు, ఇతర వస్తువులతో కలిసినప్పుడు, వైద్యుని సలహా లేకుండా మింగినప్పుడు.

మరొక సంగతి గుర్తుంచుకోదగినది. ఒకే మందు అనేక వ్యాపార నామాలతో లభిస్తుంది. ఆల్ప్రాక్స్, రెస్టిల్, ట్రైకా అనే మూడు పేర్లలోనూ ఉన్నది ఆల్ప్రాజోలమే. పావగడలో వ్రాసిన పేరు ఒకటి, అనంతపురంలో వ్రాసిన పేరు మరొకటి అయినప్పుడు రోగి తెలియకుండానే రెట్టింపు మోతాదు మింగే అవకాశం ఉంది. కడుపునొప్పికి ఇచ్చే కొన్ని మిశ్రమ మాత్రలలో క్లోర్‌డయాజిపాక్సైడ్, మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మిశ్రమ మాత్రలలో క్లోనజిపామ్ కలిసి ఉంటాయి. "ఇది కడుపు మాత్ర గదా" అనుకున్నదానిలోనే నిద్రమందు దాగి ఉండవచ్చు. అందువల్ల అట్టపై పెద్ద అక్షరాల పేరును కాక, దాని క్రింద చిన్న అక్షరాలలో ఉన్న మందు పేరును చూడాలి.

శరీరంలో ఏమి జరుగుతుంది?

మెదడులో గాబా అనే సహజ పదార్థం నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది. నిద్రమందు ఆ గాబా శక్తిని పెంచుతుంది. ఆందోళన తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, నిద్ర వస్తుంది. అయితే శ్వాసను నడిపే కేంద్రం కూడా మెదడులోనే ఉంది. మెదడును మందగింపజేసే మరొక పదార్థం దీనితో కలిసినప్పుడు ఊపిరి సైతం మందగిస్తుంది. ఇది మొదటి రకం ప్రమాదం.

రెండవది కాలేయానికి సంబంధించినది. ఈ మందులలో చాలావాటిని కాలేయంలోని ఎంజైములు విరగగొట్టి బయటకు పంపుతాయి. కొన్ని మందులు ఆ ఎంజైములను అడ్డుకొంటాయి. అప్పుడు నిద్రమందు రక్తంలో పేరుకుపోతుంది. మరికొన్ని ఆ ఎంజైములను ఉసిగొల్పుతాయి. అప్పుడు నిద్రమందు పనిచేయకుండానే కరిగిపోతుంది.

మందు ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా ముఖ్యమే. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఆల్ప్రాజోలం సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. వృద్ధులలో అది సుమారు 16 గంటలు, మద్యంవల్ల కాలేయం చెడినవారిలో దాదాపు 20 గంటలు. డయాజిపామ్‌కు 48 గంటల వరకు పట్టవచ్చు. అది విరిగినప్పుడు పుట్టే పదార్థం 100 గంటల వరకు నిలువవచ్చు. రాత్రి మింగిన మాత్ర తెల్లవారేసరికి దిగిపోయిందనుకోవడం పొరపాటు. మరమగ్గం దగ్గర కూర్చునేవారు, ద్విచక్ర వాహనం నడిపేవారు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి.

మద్యం, కల్లు

నిద్రమాత్రకు మద్యం అన్నిటికంటె పెద్ద శత్రువు. రెండూ మెదడును ఒకే దిశలో అణచుతాయి. విడివిడిగా తట్టుకోగల మోతాదులు కలిసినప్పుడు ప్రాణాంతకం కావచ్చు. "నిన్న రాత్రి తాగాను, ఈ రోజు మాత్ర వేసుకొంటాను" అన్న లెక్క కూడా క్షేమం కాదు; డయాజిపామ్ వంటివి రోజుల తరబడి శరీరంలో ఉంటాయి.

కల్లు విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. తెలుగునాట పలుచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలం కలిపి అమ్మిన ఉదంతాలు అనేకసార్లు బయటపడ్డాయి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు దొరకకపోయేసరికి, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వందలాది మంది వణుకు, మూర్ఛ, మతిభ్రమణతో ఆసుపత్రులకు చేరారు. వారు తాగినది కల్లు అనుకొన్నారు. శరీరం అలవాటుపడినది నిద్రమందుకు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు, అనేకులు ఆసుపత్రులపాలయ్యారు. నమూనాలలో ఆల్ప్రాజోలం ఉన్నట్లు అధికారులు వెల్లడించారు.

సరిహద్దు దాటి ఎక్కడ తాగినా ఆ గ్లాసులో ఏముందో తాగేవానికి తెలియదు. ఇంట్లో నిద్రమాత్ర వేసుకొనే మనిషి అటువంటి కల్లు తాగితే ఒకే మందును రెండు దారులలో మింగినట్లే. వైద్యుని ఎదుట ఈ అలవాటును దాచడం రోగికే నష్టం.

మత్తును పెంచే తోడు మందులు

నొప్పి మందులు: ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, కోడీన్ ఉన్న దగ్గుమందు నల్లమందు వర్గానికి చెందినవి. ఇవి నిద్రమందుతో కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఈ రెండు వర్గాల మందులపైనా అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించవలసిందిగా ఆదేశించింది. నడుమునొప్పికి ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రాజోలం వేర్వేరు చోట్ల వ్రాయించుకొన్నవారు ఈ విషయం వైద్యునికి వెంటనే తెలపాలి.

నరాల మంట మందులు: గాబాపెంటిన్, ప్రీగాబలిన్. చక్కెరవ్యాధివల్ల అరికాళ్ళ మంటలకు ఇవి విరివిగా వాడుకలో ఉన్నాయి. నిద్రమందుతో కలిసినప్పుడు మగత, తూలు, శ్వాస మందగింపు పెరుగుతాయి.

జలుబు, దురద మందులు: క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, ప్రోమెథజిన్. చీటీ లేకుండా అంగడిలో తెచ్చుకొనే జలుబు మాత్రలలో ఇవి తరచుగా ఉంటాయి. సెట్రిజిన్ కూడా కొందరికి మత్తు కలిగిస్తుంది.

మానసిక వ్యాధుల మందులు: అమిట్రిప్టిలిన్, ఒలాంజపిన్, క్లోజపిన్ వంటివి. వీటిని నిద్రమందుతో కలిపి ఇవ్వవలసి వస్తే అది వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

మూర్ఛ మందులు: ఫినోబార్బిటోన్ మత్తును పెంచుతుంది. వాల్‌ప్రోయేట్ వాడేవారిలో లోరాజిపామ్ పేరుకుపోతుంది గనుక దాని మోతాదు సగానికి తగ్గించవలసి ఉంటుంది.

గంజాయి, భంగు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అశ్వగంధ వంటి మూలికలకూ కొంత మగత కలిగించే గుణం ఉంది. నాటు వైద్యుడు ఇచ్చిన చూర్ణమైనా ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

నిద్రమందును పేరుకుపోయేలా చేసేవి

గజ్జి, తామర వంటి చర్మవ్యాధులన్నీ ఒకటేననుకొని ఇంట్లో మిగిలిన మాత్రలు మింగే అలవాటు కొందరికి ఉంది. తామరకు ఇచ్చే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు ఆల్ప్రాజోలంతో కలిపి వాడరాదు. ఫ్లూకొనజోల్ డయాజిపామ్ స్థాయిని పెంచుతుంది. సూక్ష్మజీవనాశకాలలో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్. రక్తపోటు, గుండె మందులలో డిల్టియాజెమ్, వెరాపమిల్. కుంగుబాటు మందులలో ఫ్లూఓక్సెటిన్, ఫ్లూవోక్సమిన్ ఆల్ప్రాజోలం వంటివాటి ప్రభావాన్ని పెంచుతాయి. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ డయాజిపామ్‌ను ఎక్కువసేపు నిలుపుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలోనూ ఆల్ప్రాజోలం, డయాజిపామ్ కొంత నెమ్మదిగా తగ్గుతాయి. గుండెకు డిగాక్సిన్ వాడే వృద్ధులలో ఆల్ప్రాజోలం ఆ డిగాక్సిన్ స్థాయిని పెంచవచ్చు.

క్షయ మందులు – రెండువైపులా పదునున్న కత్తి

క్షయకు ఆరు నెలలపాటు ఇచ్చే చికిత్సలో రిఫాంపిసిన్ ప్రధానమైనది. అది కాలేయ ఎంజైములను బలంగా ఉసిగొల్పుతుంది. దానివల్ల డయాజిపామ్, ఆల్ప్రాజోలం, జోల్పిడెమ్ వంటివి రక్తంలో బాగా తగ్గిపోతాయి. "మాత్ర పనిచేయడం లేదు" అని రోగి తనంతట తానే రెండు, మూడు మాత్రలకు పెంచుకొంటాడు. అసలు ప్రమాదం ఆ తరువాత వస్తుంది. క్షయ చికిత్స ముగిసి రిఫాంపిసిన్ ఆగిన తరువాత సుమారు రెండు వారాలలో కాలేయం మునుపటి స్థితికి చేరుతుంది. అంతవరకు చాలని మోతాదే ఇప్పుడు అతిగా మారుతుంది.

మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఈ విధంగానే నిద్రమందును కరిగిస్తాయి. వీటిని మొదలుపెట్టేటప్పుడు మాత్రమే కాదు, మానేటప్పుడు కూడా నిద్రమందు సంగతి వైద్యునికి గుర్తుచేయాలి. క్షయ మందును మాత్రం ఏ కారణంచేతనూ మధ్యలో ఆపకూడదు. మార్చవలసినది నిద్రమందు మోతాదే.

ఆహార పానీయాలు, పొగ

రాగిసంగటి, అన్నం, మజ్జిగ, పాలు వంటి నిత్యాహారంతో ఈ మందులకు విరోధం లేదు. కడుపునిండా, ముఖ్యంగా కొవ్వు పదార్థాలు తిన్న వెంటనే వేసుకొంటే మందు ఆలస్యంగా పనిచేస్తుంది. జోల్పిడెమ్ విషయంలో ఇది మరింత స్పష్టం. ఆలస్యమైనదని రెండవ మాత్ర వేసుకోవడం కూడదు.

గ్రేప్‌ఫ్రూట్ అనే పెద్ద నిమ్మజాతి పండు ప్రేగులలోని ఎంజైములను అడ్డుకొంటుంది. నోటిద్వారా తీసుకొనే మిడజోలం, డయాజిపామ్ వంటివి దానితో పెరగవచ్చు. ఆల్ప్రాజోలంపై దాని ప్రభావం స్వల్పం. మన పంపరపనస, అనగా కన్నడంలో చకోతా, దానికి దగ్గరి బంధువు గనుక ఈ మందులు వాడే రోజులలో దానినీ మితంగా తినడం మంచిది.

కాఫీ, టీ మెదడును మేల్కొలుపుతాయి. సాయంత్రం నాలుగైదుసార్లు టీ తాగి రాత్రి నిద్రమాత్ర వేసుకోవడం ఒక చేత్తో నిప్పు రాజేసి మరొక చేత్తో నీళ్ళు చల్లడమే. బీడీ, సిగరెట్టు తాగేవారిలో ఆల్ప్రాజోలం స్థాయి సగం వరకు తగ్గవచ్చు. పొగ మానినప్పుడు అదే మోతాదు ఎక్కువగా పనిచేస్తుంది గనుక వైద్యునికి తెలపాలి.

ఏ జబ్బులున్నవారికి ముప్పు?

ఉబ్బసం, దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధి: ఊపిరి మరింత మందగిస్తుంది. నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగిపోయేవారికి సైతం ఇవి హానికరం.

కాలేయ, మూత్రపిండ వ్యాధులు: మందు పేరుకుపోతుంది. తీవ్రమైన కాలేయ వ్యాధిలో అపస్మారక స్థితి రావచ్చు.

వృద్ధాప్యం: తూలి పడడం, తుంటి ఎముక విరగడం, మతిమరపు, అర్ధరాత్రి తికమక మాటలు. వీటిని "వయసు మీదపడింది" అని కొట్టివేయకుండా చీటీలో నిద్రమాత్ర ఉన్నదేమో చూడాలి.

గర్భం, చనుబాలు: నెలలు నిండే సమయంలో వాడితే పుట్టిన శిశువు మెత్తబడి, పాలు చీకలేక, ఊపిరికి ఇబ్బంది పడవచ్చు. తల్లి పాలలోనూ మందు చేరుతుంది. గర్భిణి తానుగా ప్రారంభించరాదు, తానుగా ఆపరాదు.

కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగే గ్లాకోమా, కండరాలు నీరసించే మయస్థీనియా: ఈ రెండింటిలో ఈ మందులను సాధారణంగా వాడరు.

మానసిక కుంగుబాటు: నిద్రలేమి దాని లక్షణాలలో ఒకటి. నిద్రమాత్ర ఒక్కటే ఇస్తే అసలు జబ్బు లోపల మిగిలిపోతుంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారి చేతికి మాత్రల అట్టను ఇవ్వకూడదు. ఇంటివారే దాచి రోజుకు రోజు ఇవ్వాలి.

చక్కెరవ్యాధి: మత్తుగా పడుకొన్న మనిషిలో చక్కెర తగ్గిపోయినా గుర్తించడం కష్టం. నిద్రమాత్ర ప్రభావమని వదిలివేయకుండా చక్కెర పరీక్ష చేయించాలి.

హఠాత్తుగా మానరాదు

ఈ వ్యాసం చదివి భయపడి ఆ రాత్రే మాత్రను పారవేయడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. కొన్ని వారాలపాటు ప్రతిరోజూ వాడినవారిలో శరీరం దానికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి, చెమటలు, వణుకు, భ్రాంతులు, మూర్ఛలు రావచ్చు, ప్రాణాపాయమూ కలగవచ్చు. 2015లో తెలంగాణ ఆసుపత్రులు చూసినది ఈ స్థితినే. వైద్యులు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. సాధారణంగా నిద్రకోసం ఈ మందును రెండు నుండి నాలుగు వారాలకు మించి వాడకపోవడం మేలు. ఏళ్ళ తరబడి వాడుతున్నవారికి బెంగళూరులోని నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా లభిస్తుంది. 2022 అక్టోబరులో ఆరంభమైన ఈ సేవ ఇరు రాష్ట్రాలలోనూ పనిచేస్తుంది.

అంగడిలో గమనించవలసినవి

ఆల్ప్రాజోలం, డయాజిపామ్ వంటివి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనివి. 2014 మార్చి నుండి ఇవి షెడ్యూల్ హెచ్1లో కూడా ఉన్నాయి. అనగా వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మిన అంగడివారు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణం పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలి. పొరుగింటివారి చీటీతో తెచ్చుకోవడం, మిగిలిన మాత్రలను చుట్టాలకు ఇవ్వడం చట్టరీత్యానే కాక ఆరోగ్యరీత్యా కూడా తప్పు.

ప్రమాద సమయంలో

పిలిచినా పలకకపోవడం, గురకలాంటి నెమ్మది శ్వాస, పెదవులు నీలిరంగు తిరగడం, మాట తడబడడం, అతిగా తూలడం ప్రమాద సూచనలు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ సంఖ్య హద్దుకు ఇరువైపులా ఒక్కటే. మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, కాఫీ పోయడం, మజ్జిగ పట్టడం కూడదు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. "నిద్రపోతే దిగిపోతుంది" అని వదిలివేయరాదు. ఖాళీ అట్టలు, ఇంట్లోని మందులన్నీ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. విష సమాచారానికి ఢిల్లీలోని ఎయిమ్స్ కేంద్రం 1800 116 117 సంఖ్యపై రాత్రింబగళ్ళు అందుబాటులో ఉంటుంది. ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉన్నా, దీర్ఘకాలం మందు వాడినవారిలో అది మూర్ఛ తెప్పించవచ్చు గనుక ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

ఇంట్లో ఒక్క కాగితం

సరిహద్దు కుటుంబానికి అన్నిటికంటె ఉపయోగపడే సాధనం ఒక్క కాగితం. దానిపై రోగి పేరు, వయసు, ఉన్న జబ్బులు, వాడుతున్న ప్రతి మందు పేరు, మోతాదు, ఎప్పటినుండి వాడుతున్నారో వ్రాయాలి. జలుబు మాత్ర, కషాయం, బీడీ, మద్యం కూడా దాపరికం లేకుండా చేర్చాలి. పెద్దలకు చూపు ఆనకపోతే చదువుకొనే పిల్లలు వ్రాయవచ్చు. మందుల పేర్లను అట్టపై ఉన్నట్లుగా ఇంగ్లీషు అక్షరాలలోనే దింపితే, కన్నడం చదివే వైద్యునికీ తెలుగు చదివే వైద్యునికీ అది ఒకేలా అర్థమవుతుంది. ఏ ఊరి వైద్యుని వద్దకు పోయినా కొత్త చీటీ వ్రాయకముందే ఆ కాగితం ఆయన ముందు ఉంచి, "వీటితో ఇది పొసగుతుందా?" అని అడగాలి. కొత్త మందు చేరినా, పాతది ఆగినా ఆ రోజే కాగితం సవరించాలి.

నాలుగు ఊళ్ళ చీటీలు ఒకచోట చేరేది ఆ కాగితం మీదనే. నిద్రమాత్ర మేలుకు పనిచేయాలంటే మొదట ఆ చేరిక జరగాలి.